అడవి పంది లెక్క ఎవరు రాయాలి?

సూరత్‌లో నేసి, రంగులద్దిన పాలియెస్టర్ చీర పాతబడ్డాక ఎక్కడ తేలుతుందో గోడాదరాలో సాంచాల మీద బతికే తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. కరీంనగర్, వరంగల్ పల్లెల్లో మక్కచేను చుట్టూ కర్రలు పాతి కట్టే దడిలో అలాంటి చీరలు ఎన్నో. ఆ రంగులు చూసి అడవి పంది బెదురుతుందని రైతు ఆశ. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా ఈ ఉపాయం చెబుతారు. చేను చుట్టూ ఆముదం, కుసుమ సాళ్ళు వేయమంటారు. కొన్నాళ్ళు పనిచేస్తుంది కూడా. కానీ పంది తెలివైన జంతువు, చీర వెనక మనిషి లేడని త్వరలోనే పసిగడుతుంది. కంకి పాలుపోసుకునే వేళ మంద దిగిందంటే ఒక్క రాత్రిలో చేను నేలమట్టం. చూలు నిండడానికి నాలుగు నెలలైనా పట్టదు, ఈతకు నాలుగైదు పిల్లలు. మంచె మీద ముసలి తండ్రి ఒక్కడే కావలి కాస్తుంటే, కొడుకు ఇక్కడ సూరత్‌లో రాత్రి పాళీలో ఉంటాడు.

ఈ బాధ తెలిసే చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తూనే, మనిషి ప్రాణానికో పంటకో ముప్పు తెచ్చే కొన్ని జంతువులను, కారణం రాసి ఇచ్చిన అనుమతితో చంపవచ్చని 11వ సెక్షన్‌లో చెప్పింది. అడవి పందుల విషయంలో ఆ అధికారాన్ని తెలంగాణ సర్పంచుల దాకా దించింది. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. నిర్ణయం ఊరి చేతికి రావడం మంచిదే. అయితే వచ్చింది అనుమతి కాగితం ఒక్కటే. తుపాకీ ఎక్కడినుంచో వస్తుంది, పందిని పూడ్చిపెడతారు, పంచనామాతో పని ముగుస్తుంది. ఆ తర్వాత చేనుకు ఏమైందో రాసిపెట్టే బాధ్యత ఊళ్ళో ఎవరిదీ కాదు. ఇలాంటి వేటలో అసలు పనితనం లెక్క రాయడంలో ఉందనీ, ఆ లెక్క ఊళ్ళోవాళ్ళే స్వచ్ఛందంగా రాసుకోవాలనీ నా వాదన.

అమెరికాలో ఇది పాత అలవాటు. అక్కడి జాతీయ వన్యప్రాణి ఆశ్రయాల్లో మొదటిది 1903లో ఫ్లోరిడాలోని పెలికన్ దీవిలో ఏర్పడింది. ఆశ్రయం ఉద్దేశానికి భంగం లేనిచోట ప్రజలు వేటాడవచ్చని 1997 చట్టం స్పష్టంగా ఒప్పుకుంది. కొన్నిచోట్ల లాటరీ తీసి పర్మిట్లు ఇస్తారు. తనిఖీ కేంద్రంలో వాలంటీర్లు కూర్చుంటారు. వేటగాడు తెచ్చిన జింకను తూచి, ఆడదో మగదో రాసి, దవడ పళ్ళ అరుగుదల చూసి వయసు కడతారు. వచ్చే ఏడు ఎన్ని పర్మిట్లు ఇవ్వాలో తేల్చడానికి ఆ వివరాలే ఆధారం. వేట లెక్క మన దేశానికీ కొత్త కాదు, కానీ మనం రాసుకున్నది వేరే లెక్క. భరత్‌పూర్ కేవలాదేవ్‌లో ఆనాటి వేటల వివరాలు రాతిపలకల మీద చెక్కి ఉన్నాయి. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఉన్న వేటలో ఒక్క రోజున 4,273 పక్షులు కూలాయి. ఎన్ని కూలాయో రాయి చెబుతుంది, ఎన్ని మిగిలాయో చెప్పదు. 2016లో బిహార్‌లోని మొకామాలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన షూటర్ల చేతిలో కొద్ది రోజుల్లోనే 200కు పైగా నీల్‌గాయిలు చనిపోయినప్పుడూ అంతే. కేంద్రమంత్రుల మధ్యే వివాదం రేగింది, చచ్చినవాటి సంఖ్య దేశమంతా పాకింది. ఎన్ని ఎకరాలు దక్కాయన్న ప్రశ్న ఆ గొడవలో వినపడలేదు.

వాలంటీర్ల పేరుతో వేట సరదాను ఊళ్ళోకి తెస్తున్నారని కొందరంటారు. వేట ఊళ్ళో ఇప్పటికే ఉంది, చీకట్లో ఉంది. చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టేవాళ్ళున్నారు, ఉచ్చులు పన్నేవాళ్ళున్నారు. ఆ తీగకు పందీ పక్కచేను రైతూ ఒకటే. మంచిర్యాల అడవుల్లో కె-4 అనే ఆడపులి నడుముకు బిగుసుకున్న ఉచ్చుతో తిరిగిన సంగతి మరిచిపోయేది కాదు. మాంసం ఆశ మాటకొస్తే, చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి అని చట్టమే అంటుంది. అంత మాంసం మట్టిపాలు కావడం చూడ్డానికి కష్టమే. అయినా ఆ కట్టడి ఉండాలి. కూరకోసం పర్మిట్ అడిగే రోజు రాకూడదు. పంది పులికి ఆహారం కదా అన్న అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది, దాన్ని నేను ఒప్పుకుంటాను. 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ చుట్టుపక్కల తుపాకీ వద్దు, పంట నష్టానికి పరిహారం సకాలంలో ఇవ్వాలి. మిగతాచోట్ల ఎక్కడ ఆగాలో చెప్పగలిగేది కూడా ఊరు రాసుకునే లెక్కే. రైతుకు రాసే తీరిక ఎక్కడిదంటారా? అందుకే ఈ పని ఊళ్ళో చదువుకున్న నలుగురైదుగురు పిల్లలు పంచుకోవాలి.

జీవదయను ఇంత గట్టిగా నమ్మే గుజరాత్‌లో ఉండి చంపడం గురించి రాయడం నాకు తేలిక కాదు. కానీ దయకు క్రమం ఎంత అవసరమో కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఉత్తరాయణానికి మాంజా తెగేసిన పక్షుల కోసం 2017 నుంచి రాష్ట్రమంతా కరుణా అభియాన్ నడుస్తోంది. మాంజాకు పేరున్న సూరత్‌లోనే, గాలిపటాలు ఎగిరే ఆ రోజుల్లోనే, వాలంటీర్లు రెక్క తెగిన పావురాలను, కొంగలను వైద్యుల దగ్గరికి చేరుస్తారు. ఏ పక్షి, ఎక్కడ దొరికింది, ఏ గాయం అన్నవి అడగనిదే ఆ పని ముందుకు సాగదు. మన ఊళ్ళకు కావలసింది ఈ అలవాటే. దానికి పెద్ద ఖర్చు లేదు, పంచాయతీలో ఒక గీతల పుస్తకం చాలు. వానాకాలం మక్కలు విత్తేముందే దాన్ని తెరవాలి. సర్వే నంబరు, పంట, నష్టపోయిన గుంటలు, పర్మిట్ తేదీ, పంది ఆడదా మగదా, వెంట పిల్లలున్నాయా, ఆ తర్వాత మంద మళ్ళీ వచ్చిందా — ఇవన్నీ గడులు. తుపాకీ గడి చివరికే ఉండాలి. దానికి ముందు గడుల్లో చీర ఎన్ని రాత్రులు ఆపింది, ఆముదం సాలు ఎన్ని రాత్రులు ఆపింది, మంచె మీద ఎవరు ఎన్ని రాత్రులు మేలుకున్నారు అన్నవి నిండాలి.