ఎవరి పేపరు?

గుంటూరు నుంచి పర్చూరు పోయే దారిలో వుంది ప్రత్తిపాడు. పేరులో ప్రత్తి వున్నా, చుట్టూ వున్న నల్లరేగడిలో ప్రత్తితో పాటు మిరప కూడా పండుతుంది. యీ వూళ్ళో నేను చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. అంతకన్న ఎక్కువ ఏళ్ళు టీ కొట్టు బల్లమీద పత్రికలు చదివాను, ఇతరులు చదువుతుంటే విన్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక కౌలు రైతు నా దగ్గరకు వచ్చాడు. రెండెకరాల్లో వేసిన మిరపతోట ఏపుగా పెరిగిందే గాని కాపు పట్టలేదు. విత్తనం సంచీ, బిల్లు రెండూ దాచుకున్నాడు. "మాస్టారూ, ఇది పేపర్లో పడాలి. పడితేనే ఎవరన్నా వచ్చి చూస్తారు" అన్నాడు. ఇద్దరం కలిసి ఒక విలేకరి దగ్గరకు వెళ్ళాం. ఆయన మంచివాడే. తోట చూశాడు, ఫోటో తీశాడు, రాసి పంపాడు కూడా. వార్త రాలేదు. వారం తరువాత అడిగితే, "ఆ కంపెనీ ప్రకటనలు మా జిల్లా పేజీకి వస్తాయి మాస్టారూ" అని నేలచూపులు చూశాడు. మరి పది రోజులకు యింకో పత్రికలో ఆ సంగతి అచ్చయింది. అందులో కంపెనీ పేరు లేదు. అధికారంలో వున్న పార్టీని తిట్టడానికి ఎంత కావాలో అంత మాత్రం వుంది. రైతు ఆ ముక్క పట్టుకుని టీ కొట్టుకు వచ్చాడు. పక్క బల్లమీద వున్నవాడూ అదే విత్తనం వేసి నష్టపోయినవాడే. అతడు కాగితం చేతిలోకైనా తీసుకోకుండా "ఎవరి పేపర్లో?" అన్నాడు. పేరు చెప్పగానే, "వాళ్ళు రాయక ఏం చేస్తారులే" అని టీ తాగి లేచిపోయాడు.

తన పొలంలో జరిగిన నష్టాన్ని తానే నమ్మనక్కర లేకుండా చేసిన ప్రశ్న అది. "ఎవరి పేపరు?" అనే ఆ రెండు మాటలను గురించే యీ వ్యాసం.

విమర్శకు కేటాయించిన పుటల్లో దినపత్రిక గొడవ ఏమిటని మిత్రులు కొందరు అనవచ్చు. కథల పుస్తకం ఎన్నడూ పట్టని చేతులు కూడా పట్టే అచ్చుకాగితం దినపత్రిక. పాఠకుడికీ రచనకూ గల సంబంధాన్ని విచారించే విమర్శ దానిని వదిలివేస్తే తన పనిలో సగం వదిలివేసినట్లే. ఇక రెండవ మాట. సెల్‌ఫోను వచ్చింది, పేపరు పోయింది అని అందరూ అంటున్నారు. యంత్రం మనిషిని మార్చిందనడం సులభం. కాని ఫోను రాకముందే యీ సంబంధం చెడిందని నా అభిప్రాయం. ఎక్కడ చెడిందో చూడాలి.

మొదటి తరం పాఠకుడి నోట వినిపించిన మాట "పేపర్లో రాశారు" అనేది. 1902లో మచిలీపట్నం నుంచి కృష్ణాపత్రిక, 1908లో బొంబాయి నుంచి వారపత్రికగా వెలువడి 1914లో మద్రాసులో దినపత్రిక అయిన ఆంధ్రపత్రిక – వీటిని ఒకడు చదివితే పదిమంది వినేవారు. మనకు పొరుగునే వున్న పెదనందిపాడు ప్రాంతం 1921–22లో పన్నుల నిరాకరణకు దిగిన రోజుల్లో పత్రిక చదవడమంటే ఒక పక్షం చేరడమే. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువమీద పడవలో గ్రంథాలయం నడిపించారు. కాగితం దుర్లభమైన కాలంలో చదువు సామూహిక కార్యంగా వుండేది. విన్నవాడు అడిగేవాడు, చదివినవాడు జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

అయితే ఆ కాలాన్ని తలచుకుని కన్నీరు కార్చనక్కర లేదు. ఆ అరుగుమీద ఎవరు కూర్చున్నారు? ఎవరు దూరంగా నిలబడి విన్నారు? అసలు ఎవరికి ఆ అరుగు దగ్గరకు రానిచ్చే హక్కే లేదు? పత్రికలో దేశం వుంది, కాంగ్రెసు వుంది, యుద్ధం వుంది. కలుపు తీసే కూలిమనిషి లేదు. ఆ లోటు పూడ్చడానికే 1942లో ప్రజాశక్తి వారపత్రికగా పుట్టింది. 1945లో దినపత్రిక అయింది, 1948 నిర్బంధంలో మూతపడింది. 1952లో విజయవాడ నుంచి విశాలాంధ్ర వెలువడింది. "పత్రిక ఏ వర్గానిది?" అని అడగడం యీ పత్రికలు నేర్పిన పాఠం.

రెండవ దశలో మాట మారింది. "పేపర్లో రాశారు" అన్నవాడు "పేపర్లో పడింది" అనసాగాడు. 1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు తెల్లవారేసరికి ఇంటి గుమ్మంలో పత్రిక పడేట్లు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1989లో అదే పత్రిక జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టింది. తక్కిన పత్రికలూ ఆ దారి పట్టాయి. మండలానికొక విలేకరి తయారయ్యాడు. ఎండిపోయిన బోరు, కూలిన బడిగోడ, పదవ తరగతిలో మొదట వచ్చిన పిల్ల – ఇవన్నీ అచ్చులోకి వచ్చాయి. తన వూరి పేరు అచ్చులో చూసుకున్న మనిషి సంతోషాన్ని నేను తక్కువ చేయను. ఆ ముక్క కత్తిరించి పటం కట్టించుకున్న ఇళ్ళు నాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు తిరిగినప్పుడు, ఆ కబురు వూరూరా చేరి రాష్ట్రమంతటా ఉద్యమంగా మారడంలో పత్రికలకు పెద్ద పాత్ర వుంది. సాక్షరతా ఉద్యమంలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీల వార్త మళ్ళీ అక్షరాలలోనే తక్కిన స్త్రీలకు చేరింది. జిల్లా పత్రికకు అంత శక్తి వుంది.

మరి ఆ శక్తి ఎటుపోయింది? వార్త తయారయ్యే పద్ధతి చూస్తే తెలుస్తుంది. మండల విలేకరికి జీతం లేదు, లైన్ ఎకౌంటు వుంది. అచ్చయిన పంక్తులను కొలిచి ఇచ్చే ఆ డబ్బు బస్సు ఛార్జీలకు చాలదు. పైగా పండగకూ, నాయకుడి పుట్టినరోజుకూ ప్రకటనలు తెచ్చిపెట్టాలి. ఎవరిని ప్రశ్నించాలో వారి దగ్గరే చేయి చాపవలసిన మనిషి ఏమి రాయగలడు? వూరు పత్రికలోకి వచ్చింది నిజమే. అయితే పాఠకుడుగా రాలేదు, సరుకుగా వచ్చింది. తన వూరి వార్తను తానే కొనుక్కునే ఖాతాదారు అయ్యాడు.

దీనికి మించిన నష్టం యింకొకటి జరిగింది. జిల్లా అనుబంధం జిల్లాకొక గోడ కట్టింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిని తెల్లదోమ, శనగపచ్చ పురుగు నాశనం చేశాయి. కొట్టిన మందే మళ్ళీ మళ్ళీ కొట్టగా పురుగు దానికి లొంగడం మానింది. అప్పులపాలై రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ళకు, 1997–98లో, వరంగల్లు ప్రత్తి రైతులు అదే దారిన పోయారు. మందు అదే, అప్పు అదే, దళారీ పద్ధతి అదే. యిక్కడి అనుభవం అక్కడి రైతుకు ముందుగా చేరవలసింది కాదా? మన పురుగు మన జిల్లా పేజీలో, వాళ్ళ పురుగు వాళ్ళ జిల్లా పేజీలో వుండిపోయాయి. మొదటి పేజీకి ఎక్కడానికి శవాలు కావలసి వచ్చింది.

నేను చెప్పిన మిరప రైతు కథకూ ఇదే ముగింపు. గుంటూరు మిర్చి యార్డుకు ఆ పండిన కొద్దిపాటి టిక్కీలు తీసుకుపోయినప్పుడు, ప్రకాశం వైపునుంచి వచ్చిన రైతులూ అదే విత్తనంతో దెబ్బతిన్నారని అతనికి తెలిసింది. మధ్య దూరం రెండు గంటల ప్రయాణం. పత్రిక ఒకటే, పేజీలు వేరు. కలిసి నిలబడవలసినవారు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఆ కాలమంతా గడిపారు.

ఇప్పుడు మూడవ మాటకు వద్దాం. "ఎవరి పేపరు?" అన్న ప్రశ్న పుట్టుకలో చెడ్డది కాదు. కారంచేడు (1985), చుండూరు (1991) యీ మైదానంలోని వూళ్ళే. ఆ హత్యాకాండల తరువాత దళిత పాఠకుడు వార్తను చదివే తీరు వేరు. రాసినవాడెవడు, అచ్చువేసినవాడెవడు, నా వాడలో ఎవరిని అడిగి రాశాడు అని అతడు అడిగాడు. వార్తను మరింత దగ్గరగా చదవడానికి అడిగిన ప్రశ్న అది. అంతకన్న అభ్యుదయకరమైన పఠనం నాకు తెలియదు.

అదే ప్రశ్న నేడు పార్టీ జెండాల చేతికి చిక్కింది. 2008లో సాక్షి ఇరవైమూడు ఎడిషన్లతో ఒకేసారి వెలువడింది. పాత పత్రికలు ఒక పక్షమనీ, కొత్తది మరొక పక్షమనీ పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. 2022లో అప్పటి ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయల చొప్పున మంజూరు చేసింది. అది ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన పత్రికకు మేలు చేయడానికేనని పోటీ పత్రిక యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. చందాదారుల కోసం యజమానులు న్యాయస్థానాల్లో తగువులాడుతున్నారు. ఆ తగువులో పాఠకుడు కక్షిదారు కాడు, ఆస్తి మాత్రమే.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. సాగు ఖర్చు ఎంత, ఆ ధర ఎందరికి అందుతుంది, అంతకుముందే అమ్ముకున్న కౌలుదారు గతి ఏమిటి – రైతుకు కావలసిన ప్రశ్నలివి. టీ కొట్టులో నేను విన్న చర్చ మాత్రం ఏ పత్రిక ఎవరిని పొగిడింది, ఎవరిని తిట్టింది అన్నదే. వార్తను పరీక్షించడానికి పుట్టిన ప్రశ్న, వార్తనుంచి తప్పించుకునే సాధనమైంది.

ఫోను వచ్చి కూర్చున్నది ఇలా ఖాళీ అయిన చోటనే. వూరి వాట్సాప్ గుంపులో యీనాటికీ తిరిగేది పత్రిక ముక్కే – తేదీ వుండదు, పుట సంఖ్య వుండదు, ఒక్కోసారి పత్రిక పేరు కూడా వుండదు. అచ్చు అక్షరంపై పాత గౌరవం మిగిలివుంది. దాని జవాబుదారీ పోయింది. ఎవరు రాశారని కాక ఎవరు పంపారని చూస్తున్నారు.

ఇందులో మన తప్పు లేదా? వుంది. మన పత్రికలను మనం చందా బాధ్యతగా కొన్నాం, కొనిపించాం. తీర్మానాలు అచ్చువేశాం, వాటిని చదివినవాడు ఏమనుకున్నాడో అడగలేదు. బూర్జువా పత్రిక పాఠకుణ్ణి ఖాతాదారుగా చూస్తే, మనం శ్రోతగా చూశాం. ఎదురు ప్రశ్నించే హక్కు రెండుచోట్లా అతనికి దక్కలేదు.

కాబట్టి ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నా మనవి చిన్నది. 1960 చట్టం నాటినుంచీ ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. ఆ బల్లలు మనవి. వారానికొకసారి అక్కడ ఒకే సంఘటనను మూడు పత్రికల్లోనుంచి పైకి చదవండి. ఎవరిని అడిగి రాశారు, ఎవరిని అడగలేదు, ఏ పేరు దాచారు, పక్క జిల్లాలో ఇదే జరిగిందా – యీ నాలుగు ప్రశ్నలు వేయండి. విన్నవారిలో కలుపుకూలి, కౌలుదారు వుండేట్లు చూడండి. బడిలో ఒక గోడపత్రిక పెట్టండి. అందులో విత్తనం కంపెనీ పేరు రాయడానికి ఏ ప్రకటనల మేనేజరూ అడ్డురాడు.

మా గ్రంథాలయంలో మేము ఆ పని మొదలుపెట్టినప్పుడు వచ్చింది ఆరుగురు. ఆనాడు టీ తాగి లేచిపోయిన రైతు మూడవ వారం వచ్చాడు. తన విత్తనం సంచీ కూడా తెచ్చాడు. మేము చదివిన వార్త అంతా విని, "ఇది ఎవరి పేపరు?" అని మళ్ళీ అడిగాడు. చెప్పాం. అయితే యీసారి అతడు లేచిపోలేదు. "సరే, ఇందులో ఏం రాయలేదో చెబుతా, రాసుకోండి" అన్నాడు.