‘తగ్గించవచ్చు’: కొవ్వు కాలేయంపై తెలుగు ఆరోగ్యరచనలో అర్థసందిగ్ధత

కొవ్వు కాలేయ వ్యాధికి పనికి వస్తాయేమోనని పరిశోధకులు పరీక్షిస్తున్న వృక్షజన్య పదార్థాలలో పసుపులోని కర్కుమిన్ ముఖ్యమైనది. ఇటువంటి పరిశోధనలను తెలుగులో పరిచయం చేసేటప్పుడు సమాచారం ఎంత సరైనదైనా, వాక్యనిర్మాణంలోని చిన్న మార్పు అర్థాన్ని తారుమారు చేయగలదు.

రెండు వాక్యాలను పోల్చి చూడవచ్చు. “కర్కుమిన్ కాలేయంలోని కొవ్వును తగ్గించవచ్చు” అన్నప్పుడు ‘వచ్చు’ సంభావ్యతను మాత్రమే తెలుపుతుంది, తగ్గించకపోనూ వచ్చు. “కర్కుమిన్‌తో కాలేయంలోని కొవ్వును తగ్గించవచ్చు” అన్నప్పుడు అదే ‘వచ్చు’ సామర్థ్యాన్ని తెలుపుతుంది. తృతీయా విభక్తి చేరగానే కర్తగా ఉన్న పదార్థం కరణమైంది. ఖాళీ అయిన కర్త స్థానంలో పాఠకుడు నిలిచాడు. పరిశోధకుని సందేహం పాఠకునికి భరోసా అయింది. ఆ తరువాత “రోజూ వాడవచ్చు” అనే వాక్యం వస్తే, ‘వచ్చు’ అనుమతిగా కూడా మారుతుంది.

పేర్ల విషయంలోనూ ఇదే జారుడు కనిపిస్తుంది. పసుపు, కర్కుమిన్, క్యాప్సూల్ అనే మూడు మాటలను పర్యాయపదాలుగా వాడటం సాధారణం. కానీ పసుపు బరువులో కర్కుమిన్ సుమారు 3 శాతమే. అది శరీరానికి చాలా తక్కువగా అందుతుంది. 2 గ్రాముల కర్కుమిన్‌కు మిరియాలలోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే ఆ లభ్యత 20 రెట్లు పెరిగిందని 1998లో ఒక అధ్యయనం చూపింది. ఇలా గాఢత పెంచిన క్యాప్సూల్‌కూ, పప్పులో వేసే చిటికెడు పసుపుకూ పోలిక లేదు. అయినా వంటింటి పసుపు మీది తరతరాల నమ్మకం క్యాప్సూల్‌కు సంక్రమిస్తోంది. పసుపు సప్లిమెంట్లు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదు కావడంతో, ఇటలీ ఆరోగ్య మంత్రిత్వశాఖ 2022లో వాటిపై హెచ్చరికను తప్పనిసరి చేసింది.

మొక్కలలో మందు లేదని చెప్పడం ఈ విమర్శ ఉద్దేశం కాదు. శరీర బరువును 7 నుంచి 10 శాతం తగ్గించుకోవడం కొవ్వు కాలేయానికి మేలు చేస్తుందని ఇప్పటికే రుజువైంది. వాక్యం ఇచ్చిన భరోసాతో రోగి ఆ శ్రమను వాయిదా వేస్తే నష్టపోయేది అతని కాలేయమే. కనుక ఫలితం కనిపించింది కణాలలోనా, ఎలుకలలోనా, మనుషులలోనా అన్నది అదే వాక్యంలో చెప్పాలి. సందేహం ఉన్నచోట ‘వచ్చు’తో సరిపెట్టక “తగ్గిస్తుందో లేదో ఇంకా తేలలేదు” అని రాయాలి. ఆరోగ్యరచనలో వ్యాకరణం అలంకారం కాదు, బాధ్యత.