యుద్ధం లేని దండయాత్ర

1856 ఫిబ్రవరి 7న అవధ్ రాజ్యం ఈస్టిండియా కంపెనీ పాలన కిందికి వెళ్లిపోయింది. కంపెనీ పటాలాలు లక్నో దాకా వచ్చాయి గానీ ఫిరంగులు పేల్చే పని పడలేదు. ఎదురు నిలవొద్దని నవాబు వాజిద్ అలీ షాయే తన వాళ్లకు చెప్పేశాడు. చరిత్ర పుస్తకంలో ఇది ఒకటి రెండు పేరాల్లో తేలిపోయే సంగతి. కథ రాసేవాడికీ, సినిమా తీసేవాడికీ మాత్రం గట్టి చిక్కే. కోట ముట్టడి లేదు, గుర్రాల పరుగు లేదు, నేలకొరిగిన వీరుడు లేడు. దండయాత్ర అనగానే చేతికందే సామగ్రి ఏదీ ఇందులో దొరకదు.

ఈ చిక్కును ఇద్దరు పనిమంతులు రెండు రకాలుగా విప్పారు. ప్రేమ్‌చంద్ 1924లో 'శత్‌రంజ్ కే ఖిలాడీ' అనే చిన్న కథ రాశాడు. దాన్ని తీసుకుని సత్యజిత్ రే 1977లో అదే పేరుతో సినిమా తీశాడు. బెంగాలీ కాని భాషలో ఆయన తీసిన మొదటి కథాచిత్రం అది. కథ గొప్పదా, సినిమా గొప్పదా అనే పంచాయితీ ఇక్కడ అక్కర్లేదు. ఒకే ఖాళీని ఇద్దరూ ఏ పనితనంతో పూడ్చారన్నదే చూడాల్సింది.

ముందు కథ. మిర్జా సజ్జాద్ అలీ, మీర్ రోషన్ అలీ ఇద్దరూ జాగీర్దార్లు. పొద్దున చదరంగం పరిస్తే చీకటి పడేదాకా లేవరు. ఆట మొదట మిర్జా ఇంట్లో. తలనొప్పితో సతమతమవుతున్న బేగం లోపల్నించి కబురు మీద కబురు పంపినా ఆయన కదలడు. ఆవిడ విసుగెత్తి వచ్చి పావుల్ని గిరాటేస్తుంది. దాంతో ఆట మీర్ ఇంటికి మారుతుంది. మీర్ బేగంకేమో భర్త ఇంటిపట్టున ఉండటమే ఇబ్బంది. ఎందుకో ప్రేమ్‌చంద్ చెప్పడు, చెప్పకుండానే మనకు అర్థమవుతుంది. ఒకరోజు రాజుగారి రౌతు ఒకడు గుమ్మంలోకి వచ్చి, మీర్ సాహెబును కొలువులోకి రమ్మంటున్నారని గద్దిస్తాడు. అదంతా ఆవిడ పన్నిన ఉపాయమే. మిత్రులిద్దరూ హడలిపోయి, మర్నాటి నుంచి తెల్లారకముందే తివాచీ చంకన పెట్టుకుని, పాన్‌దాన్ పట్టుకుని గోమతి దాటి ఒక పాడుబడ్డ మసీదులో మకాం పెడతారు.

ఇక్కడ ఆగి కథ కట్టుబడి చూడాలి. ఆట మూడు చోట్లు మారింది, మారిన కొద్దీ ఊరికి దూరమైంది. అదే సమయంలో కంపెనీ కబురు ఎదురు దిక్కులో నడుస్తోంది. మొదట పుకారు, తర్వాత ఊళ్లో కలకలం, ఆ తర్వాత సైన్యం. ఆటగాళ్లు లోపల్నించి బయటికి, పటాలం బయట్నించి లోపలికి. రెండు దారులూ ఎదురుపడే చోటు ఆ మసీదు. మీర్ తలెత్తి, ఇంగ్లీషు ఫౌజు వస్తోందంటాడు. మిర్జా తల ఎత్తకుండా, రానీ, ముందు నీ రాజును కాపాడుకో అంటాడు. రాజధానిని కాపాడాల్సినవాళ్లూ, దాన్ని పట్టుకోబోయేవాళ్లూ ఒకరి పక్కనుంచి ఒకరు దాటిపోతారు. యుద్ధం రాయకుండా దండయాత్రను చూపించడానికి ప్రేమ్‌చంద్‌కి ఈ ఒక్క అమరిక సరిపోయింది. కథలో తెల్లవాడి నోట ఒక్క మాట కూడా రాదు. ఆ అవసరమే పడలేదు.

మసీదు ఎంపికలోనూ ఆలోచన ఉంది. దాన్ని నవాబు ఆసఫుద్దౌలా కట్టించి ఉండొచ్చని కథకుడు దారినపోతూ ఒక మాట అంటాడు. ఫైజాబాద్ నుంచి లక్నోకు 1775లో రాజధానిని తెచ్చినవాడు ఆసఫుద్దౌలాయే. లక్నోను రాజధాని చేసినవాడి కట్టడం శిథిలమై, అందులో కూర్చున్న ఇద్దరి కళ్లముందు నుంచే లక్నో చేజారుతుంది. రచయిత దీనికి వ్యాఖ్యానం చేయడు, పేరు చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. మొదటి పేజీలో విలాసాల మీద అంత పొడుగు దండకం చదివిన కలమే ఇక్కడ ఇంత పొదుపుగా నడిచిందంటే ముచ్చటేస్తుంది.

కథ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం ఇంకోచోట ఉంది. నవాబును బందీగా తీసుకుపోతున్నారు. (నిజానికి ఆయన మార్చిలో కలకత్తాకు బయల్దేరి వెళ్లాడు. ప్రేమ్‌చంద్ కథకోసం ఆ కాలాన్ని కుదించాడు.) అప్పటికి మిర్జా ఓడిపోయే స్థితిలో ఉన్నాడు. ఉన్నట్టుండి ఆయనకు నవాబు మీద జాలి పుట్టుకొస్తుంది, మనసు ఆట మీద నిలవడం లేదంటాడు. మీర్ ససేమిరా అంటాడు, ముందు నీ రాజు సంగతి చూసుకో, తర్వాత నవాబు కోసం ఏడుద్దువు గాని అంటూ ఆట కట్టేస్తాడు. ఆ వెంటనే గెలిచిన మీర్‌లో ఉదారత మేల్కొంటుంది, రా, ఇప్పుడు ఇద్దరం కలిసి శోకగీతం చదువుదామంటాడు. కానీ ఓడిన క్షణానే మిర్జా రాజభక్తి ఆవిరైపోయింది. ఆయనకు బదులు తీర్చుకునే ఇంకో ఆట కావాలి. కొన్ని వాక్యాల్లో దేశం కోసం దుఃఖం కూడా చదరంగంలో ఒక ఎత్తుగా మారిపోయింది. ఓడేవాడికది వాయిదా, గెలిచేవాడికది అలంకారం.

ఆ తర్వాత ఎత్తు మార్చావనీ, ముట్టుకున్న పావునే కదపాలనీ తగవు. అది వంశాల మీదికి పోతుంది. గడ్డి కోసిన వంశమనీ, వంటవాళ్ల వంశమనీ ఎత్తిపొడుపులు. కత్తులు దూస్తారు, ఇద్దరూ చస్తారు. రాజ్యం కోసం ఒరలోంచి రాని కత్తి మంత్రి పావు కోసం వచ్చింది. వాళ్లు పిరికివాళ్లు కారని ప్రేమ్‌చంద్ ముందే చెప్పి పెడతాడు. చచ్చే తెగువ వాళ్లలో ఉంది, దేనికోసం చావాలన్న తెలివే పోయింది. జరగని యుద్ధంలో ఖర్చు కావాల్సిన హింసను తెచ్చి ఇద్దరు మనుషుల మధ్య పేల్చాడు. కథకు కావలసిన యుద్ధం అలా దొరికింది.

రే ముందున్న ఇబ్బంది వేరు. కథలో 'కంపెనీ సైన్యం' అని రాస్తే చాలు. తెర మీద సైన్యం కనబడితే, ఎందుకొచ్చింది, ఎవరు పంపారు అని ప్రేక్షకుడు అడుగుతాడు. అందుకే ఆయన రెండో బల్ల పరిచాడు. కథలో పేరుకే ఉన్న నవాబు ఇక్కడ పెద్ద పాత్ర, వేసింది అమ్జాద్ ఖాన్. కథలో పేరైనా రాని కంపెనీ రెసిడెంట్, జనరల్ ఔట్రమ్, రెండో పెద్ద పాత్ర, వేసింది రిచర్డ్ అటెన్‌బరో. సంజీవ్ కుమార్, సయీద్ జాఫ్రీ ఒక బల్ల దగ్గర పావులు కదుపుతుంటే, రెండో బల్ల మీద రాజ్యమే పావు.

ఆ రెండో ఆట చరిత్రను అమితాబ్ బచ్చన్ గొంతు మొదట్లోనే వివరిస్తుంది. నవాబులు కంపెనీకి ఎంత స్నేహంగా ఉన్నారో, ఎన్నిసార్లు అప్పిచ్చారో చెబుతుంది. దాని వెనక 1801 ఒప్పందం ఉంది. అప్పుడు అవధ్ దాదాపు సగం నేలను కంపెనీకి రాసిచ్చింది. రాయలసీమవాళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. అంతకు ఏడాది ముందే, 1800లో, సైన్యం ఖర్చుల కింద నిజాం నుంచి బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీ ఇలాగే రాయించుకుంది. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. ఇక గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒక ఉత్తరంలో అవధ్‌ను ఎప్పటికైనా తమ నోట్లో రాలిపడే చెర్రీ పండుతో పోల్చాడు. రే దాన్ని పట్టుకుని, ఒక్కొక్క రాజ్యాన్నీ చెర్రీలా మింగే కార్టూన్ బొమ్మల ముక్క పెట్టాడు. సరదాగానే ఉంటుంది గానీ, సినిమా తక్కిన నేతలో అది కలవలేదని నాకనిపిస్తుంది. అదే పనిని తర్వాత వచ్చే ఒక్క గది దృశ్యం ఇంతకు పదింతలు బాగా చేస్తుంది.

ఆ గది ఔట్రమ్‌ది. ఎదురుగా కెప్టెన్ వెస్టన్, వేసింది టామ్ ఆల్టర్. సంభాషణ పూర్తిగా ఇంగ్లీషులో, చాలాసేపు నడుస్తుంది. సంఘటనంటూ ఏమీ జరగదు. నవాబు ఒక రోజు ఏ గంటకు ఏం చేశాడో వచ్చిన నివేదికను ఔట్రమ్ చదువుతాడు. నమాజులు, పాట, గాలిపటాలు, కవిత్వం. పైకి కుతూహలంగా అడుగుతున్నట్టుంటుంది, వింటూ పోతే నేరారోపణ పత్రం తయారవుతోందని తెలుస్తుంది. నవాబు రాసిన పద్యం ఒకటి చెప్పమంటాడు. వెస్టన్ ఉర్దూలో చదివి అర్థం చెబుతాడు. ఔట్రమ్ ముఖంలో ఇంతేనా అన్న చప్పదనం. ఇలాంటివాడు ఎలాంటి రాజంటావని అడిగితే, వెస్టన్ ఆచితూచి, కాస్త ప్రత్యేకమైన రాజంటాడు. ఔట్రమ్ ఆ మాటను అక్కడే తుంచేసి, పనికిమాలిన రాజని తేల్చేస్తాడు. ఫిరంగి కంటే ముందు వచ్చే ఆయుధం ఇదే. ఆ నేలను తీసుకునే ముందు ఆ మనిషిని అనర్హుడిగా రాసిపెట్టుకోవాలి, ఆ రాత పని ఈ గదిలో మన కళ్లముందే జరుగుతుంది. రే ఇంకో మెలిక కూడా పెట్టాడు. ఒప్పందాన్ని తామే మీరుతున్నామని ఔట్రమ్‌కి తెలుసు. మింగుడుపడదు, అయినా మింగుతాడు. అతన్ని దుర్మార్గుడిగా తీసి ఉంటే దండయాత్ర అతని ఒక్కడి తప్పయ్యేది.

నవాబు పాత్రలోనూ ఇదే జాగ్రత్త. కథక్ చూస్తుండగా ప్రధాని అలీ నకీ ఖాన్ కన్నీళ్లతో వస్తాడు. వేసింది విక్టర్ బెనర్జీ. సంగీతం, కవిత్వం తప్ప మగవాణ్ని ఏడిపించేదేముంటుందన్నట్టు నవాబు ఆశ్చర్యపోతాడు. నవ్వొస్తుంది, ఆ నవ్వులోనే ఇతను రాజు కాకుండా ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. చివరికి, రాజ్యాన్ని కంపెనీకి అప్పగించే కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టకుండా, కిరీటం తీసి ఔట్రమ్ చేతికివ్వబోతాడు. ఇదీ ఒక ఎత్తే. తీసుకోవడానికి వచ్చినవాడికి దాన్ని చేత్తో పట్టుకోవడం తెలియలేదు.

రెండు బల్లల్నీ కలిపే మేకు మున్షీ నందలాల్ అనే చిన్న పాత్ర. వేసింది డేవిడ్. మిత్రులిద్దరికీ ఇంగ్లీషువాళ్ల చదరంగం ఎలా ఆడతారో ఆయన చెబుతాడు. మన ఆటలో బంటు ఒక్క గడే కదులుతుంది, వాళ్ల ఆటలో మొదటి ఎత్తుకు రెండు గళ్లు దూకొచ్చు. మన మంత్రి స్థానంలో వాళ్లకు రాణి. ఆట త్వరగా తెమిలిపోతుంది. మీర్, మిర్జా దీన్ని తొందరపాటుగా, కాస్త మోటుగా చూసి నవ్వుకుంటారు. ప్రేక్షకుడు మాత్రం ఈ వివరాన్ని దాచుకోవాలి, దీని ఖాతా చివర్లో తేలుతుంది.

కథలోని చిన్న భాగాలను రే ఎలా తిరగేసి వాడుకున్నాడో చూడటం ఇంకో సరదా. నకిలీ రౌతు ఉపాయం తీసేసి, మేనల్లుడు ఆకిల్‌ను మీర్ ఇంట్లో మంచం కింద పెట్టాడు. రాజుగారి మనుషులు సైన్యంలోకి పట్టుకుపోతుంటే దాక్కున్నాడని మీర్ బేగం చెబితే, మీర్ నమ్మేస్తాడు. ఇంట్లో అబద్ధం ఒక్కటే, దాని లోపల ఊరి మీద పడ్డ భయం మొత్తం ఇమిడిపోయింది. పాడుబడ్డ మసీదు కోసం మిత్రులిద్దరూ వెతుకుతారు, అది దొరకనే దొరకదు. జనం పారిపోయిన ఒక పల్లె పక్కన, చెట్టు కింద తివాచీ పరుస్తారు. హుక్కా, భోజనం అందించడానికి కల్లూ అనే కుర్రాడొకడు మిగిలాడు.

తగవు అక్కడే మొదలవుతుంది. మీర్ పిస్తోలు తీస్తాడు. కథ చదివినవాడికి ఇక ఇద్దరూ చస్తారని తెలుసు. రే ఆ ఎదురుచూపును కూడా లెక్కలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫౌజు వస్తోందని కల్లూ కేకేస్తాడు. ఉలికిపాటులో గుండు పేలి మిర్జా చేతిని గీరుకుంటూ పోతుంది. అవధ్ తరఫున సినిమాలో పేలిన గుండు ఇదొక్కటే, తగలాల్సినవాడికి తగల్లేదు, తగిలినవాడూ పడలేదు. ఆ తర్వాత ఏనుగులతో, ఫిరంగులతో పటాలం దాటిపోతుంది. ఇద్దరూ రాజీపడి మళ్లీ పావులు పేరుస్తారు. ఈసారి ఇంగ్లీషు పద్ధతిలో, మంత్రిని పక్కకు తప్పించి రాణిని పిలుస్తూ. నందలాల్ చెప్పిన నియమం ఇక్కడ పనికొచ్చింది.

ప్రేమ్‌చంద్ వాళ్లను చంపాడు, రే బతకనిచ్చాడు. ఇది రే మెత్తదనం కాదనుకుంటాను. 1924లో కంపెనీ వారసులే ఇంకా ఏలుతున్నారు. గాంధీ పిలుపు విని 1921లో సర్కారు ఉద్యోగం వదిలేసిన రచయితకు ఆ జాగీర్దార్ల లెక్క కాగితం మీదైనా తేల్చేయాలనిపించి ఉంటుంది. 1977 నాటి ప్రేక్షకుడికి వాళ్లు చావలేదని తెలుసు. చాలామంది నియమాలు మార్చుకుని కొత్త దొరల కింద ఆడుతూనే ఉన్నారు.

నవాబును నాజూకు మనిషిగా చూపించారని 1978లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో గట్టి విమర్శ వచ్చింది. రే అదే పత్రికలో, తాను చదివిన గ్రంథాలను ముందు పెట్టి జవాబిచ్చాడు. నన్నడిగితే ఆ విమర్శకు కొంత ఆధారం లేకపోలేదు. సినిమాలో అందరికంటే చురుకైన సంభాషణలు ఔట్రమ్ గదిలోనే ఉన్నాయి, ఆ గదిలో నవాబు తరఫున మాట్లాడటానికి వెస్టన్ తప్ప ఎవరూ లేరు. అయితే 1856లో కలకత్తాకు వెళ్లిన కాగితాలన్నీ ఆ గదిలాంటి చోటే తయారయ్యాయి.