చెరసాలలో పలికిన నిష్ఠూరం

పదిహేడవ శతాబ్దంలో, భద్రాచల రామాలయ నిర్మాణానికి సర్కారు పైకం వెచ్చించాడన్న ఆరోపణపై కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఆ రామదాసు కీర్తనల్లో ‘ఇక్ష్వాకు కులతిలక’ను భక్తికి ఉదాహరణగా పిల్లలకు నేర్పుతాం. అందులోని నిష్ఠూరాన్ని వివరించడానికి మాత్రం వెనుకాడుతాం.

ప్రాకారాలకు, నగలకు అయిన వరహాల లెక్కను రామదాసు స్వామి ఎదుటే విప్పుతాడు. సూటిగా దెప్పిపొడుస్తాడు. ఆపై, దెబ్బలకు ఓర్వలేక అన్న మాటలవి అంటూ మన్నింపు కోరుతాడు. ఇంత కోపంలోనూ రాముణ్ణి పేరుపెట్టి పిలవడం మానడు. కీర్తన బలమంతా ఆ పిలుపులోనే ఉంది.

రాముడే అప్పు తీర్చి విడిపించాడన్న కథతో ముగించడం మనకు అలవాటు. కీర్తనలో విడుదల లేదు. తనను ఏలుకొమ్మన్న వేడుకోలే ఉంది. సంకెళ్లు వీడకముందే నిలిచిన ఆశ అది.

మలేసియా తెలుగువారికి ఇది దూరపు మాట కాదు. 1942–43లో జపాను పాలకులు సయాం–బర్మా రైలుమార్గపు పనికి తరలించిన తోటకూలీలలో మనవారూ ఉన్నారు. ఎందరో తిరిగి రాలేదు. అలాంటి దుఃఖాన్ని ఇంట్లో ఎత్తకపోవడమే ధైర్యమని అనుకుంటాం. నమ్మినవారి ముందు బాధను దాచకుండా చెప్పుకోవడమూ ధైర్యమేనని ఈ కీర్తన తెలుపుతుంది. అందుకే నిష్ఠూరపు చరణాలను వదలక, అర్థం చెప్పి మరీ పిల్లలకు నేర్పుదాం.