ఒకే యింట రెండు వేల్పులు: జపాను క్రైస్తవ రచనలలో కామి దేవతల స్థానము

జపాను భాషలోని 'కామి' యను పదమునకు సరితూగు తెలుగు పదము దొరకుట కష్టము. దేవుడన్నచో అర్థము హెచ్చగును. దయ్యమన్నచో అర్థమే చెడును. 712వ సంవత్సరమున వెలసిన 'కోజికి' గ్రంథమునకు పదునెనిమిదవ శతాబ్దిలో బృహద్వ్యాఖ్య రచించిన మోతోఓరి నోరినాగ పండితుడు, లోకసామాన్యమును మించిన శక్తి గలిగి, చూచినవారి మనస్సున భయభక్తులు కలిగించునది యేదైనను కామియే యని నిర్వచించినాడు. ఆ నిర్వచనము ననుసరించి కొండయు కామియే, కడలియు కామియే, వృక్షమును కామియే; మృగపక్షులలో కొన్నియు, మహిమ గల మానవులును ఆ కోటిలోనివారే. వేపచెట్టు మొదట పసుపు పూసిన రాతికి మ్రొక్కు గ్రామవాసికి ఈ భావమును విడమరచి చెప్పవలసిన పని లేదు. ఈ కామి దేవతల కొలువే షింటో మతము.

ఇట్టి దేశమున 1549 ఆగస్టు 15వ తేదీన ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమా రేవున దిగి, దేవుడొక్కడే యని బోధింప నారంభించెను. నాటి నుండియు జపాను క్రైస్తవుని వెన్నంటి వచ్చుచున్న ప్రశ్న యొకటి కలదు. క్రీస్తును నమ్మినవాడు తన యింటి కామిని విడనాడవలెనా? విడనాడక ఇరువురిని కొలిచినచో ఆ విశ్వాసము విశ్వాసమనిపించుకొనునా, లేక కల్తీ యగునా? ఈ ప్రశ్నను మువ్వురు ప్రసిద్ధ రచయితలు మూడు విధముల విచారించిరి. వారి సమాధానములను నాగసాకి ప్రాంతపు పల్లెకారుల, సేద్యగాండ్ర ఆచరణతో పోల్చి చూచినగాని వాని విలువ తేలదు.

మొదటివాడు ఉచిమురా కాంజో (1861-1930). సమురాయి కుటుంబమున పుట్టి, సప్పోరో వ్యవసాయ కళాశాలలో చదువుచు క్రైస్తవుడైన యీతడు తన మతాంతర వృత్తాంతమును ఆంగ్లమున రచించి 1895లో ప్రకటించెను. అందలి బాల్యఘట్టములు కామిభక్తిని లోపలినుండి చూపు అరుదైన పుటలు. ఆ బాలుని మ్రొక్కులు నామమాత్రములు కావు. ప్రతిదినము ప్రాతఃకాలమున నాలుగు దిక్కుల దేవతలకును వేర్వేరుగా ప్రార్థనలు సలుపువాడు. త్రోవలో గుడి కనబడినచో తలవంచక దాటిపోడు. పంటినొప్పి మాన్పు దేవతకు మ్రొక్కుకొని బేరిపండ్లు తినుట మానుకొన్నాడు. దేవతల సంఖ్య పెరిగినకొలది నియమములును పెరిగినవి; అందరిని ఏకకాలమున మెప్పించుట యెట్లన్న దిగులును పెరిగినది. క్రైస్తవ ప్రతిజ్ఞాపత్రమున సంతకము చేయుమని తోటి విద్యార్థులు ఒత్తిడి చేసినప్పుడు, ఆతడు స్థానిక రక్షకదేవత గుడికి పోయి, ఈ క్రొత్త ఉత్సాహమును చల్లార్చుమని సాష్టాంగపడి వేడుకొనెను. అయినను 1877 డిసెంబరులో సంతకము చేయక తప్పలేదు. పిమ్మట ఆతనికి కలిగిన మొదటి యనుభవము మోక్షానందము కాదు, తేలికదనము. దేవుడొక్కడే యైనందున ప్రార్థన యొక్కటియే చాలును. గుడి గుడికి ఆగి తలవంచ నక్కరలేదు.

ఈ నిష్కాపట్యము మెచ్చదగినది. కామిని ఎగతాళి చేయక, తన పసితనపు భక్తిని భక్తిగానే యాతడు గౌరవించెను. అయినను ఆ రచనలో సమస్య యంతయు లెక్కల సమస్యగా మారినది: అనేకులు భారము, ఒక్కడు విశ్రాంతి. పోయినదేమి యన్న విచారము అందు స్వల్పము. ఇదియే ఉచిమురా 1891 జనవరిలో, తాను బోధించు ప్రభుత్వ విద్యాలయమున, చక్రవర్తి సంతకము గల విద్యాశాసనము ముందు తగినంతగా తలవంచలేదను నిందకు గురియై ఉద్యోగమును కోల్పోయెను. బాల్యమున ప్రతి గుడి ముందును ఇష్టపూర్వకముగా వంగిన తల, రాజశాసనము ముందు వంగుటకు సందేహించినది. ఈ రెండు వంగుటలును ఒక్కటి కావు.

ఈ భేదమును గుర్తింపనిచో జపాను మతచరిత్ర యంతయు తారుమారుగా కనబడును. కామి యన్న మాటకు రెండు ముఖములు కలవు. ఒకటి గడపలోని కామి, రెండవది శాసనములోని కామి. 1587లో హిదెయోషి పాదరీలను దేశము విడిచి పొమ్మని యాజ్ఞాపించునప్పుడు, జపాను కాములభూమి గనుక ఇచ్చట క్రైస్తవమునకు తావులేదను వాదమునే ముందు నిలిపెను. 1597లో నాగసాకిలో ఇరువదియార్గురు శిలువ వేయబడిరి. 1614లో తోకుగావా ప్రభుత్వము క్రైస్తవమును దేశమంతట నిషేధించెను. హింస కామి పేరున జరిగినది. కాని మర్రి మొదటనో కొండ కొననో వెలసిన కామి ఎవ్వరిని శిలువ వేయలేదు. ఈ చరిత్రలోని వ్యంగ్యము ఇరువదవ శతాబ్దిలో మరింత స్పష్టమైనది. 1936లో రోము మతాధికారులు జపాను కాథలికులు ప్రభుత్వ మందిరములలో దేశభక్తి సూచకముగా తలవంచవచ్చునని అనుమతించిరి. రాజ్యపు కామికి మన్నన దొరకినది. పేదవాని పొయ్యిగడ్డ కామికి మాత్రము ఆ మన్నన దొరకలేదు.

రెండవ రచయిత అకుతగావా ర్యూనోసుకే (1892-1927). ఆతని 'కాముల చిరునవ్వు' అను కథ 1922లో వెలువడినది. చరిత్రపురుషుడైన ఒర్గాంతినో పాదరీ అందు నాయకుడు. క్యోటోలోని తన దేవాలయమున ప్రార్థించుచున్న పాదరీకి, సూర్యదేవత అమతెరాసు గుహలో దాగినప్పుడు దేవతలు కోడికూతలతో, నాట్యముతో ఆమెను బయటికి రప్పించిన పురాణఘట్టము కన్నులయెదుట కనబడును. పిదప ఈ నేల యాత్మలలో ఒకడైన వృద్ధుడు వచ్చి వాదించును. చీనా లిపి వచ్చినది, కన్ఫ్యూషియసు వచ్చెను, బుద్ధుడు వచ్చెను. ఎవ్వరిని తరుమలేదు, అందరిని తమవారిగా మలచుకొంటిమి. క్రీస్తునకును అదే గతి యని యాతని వాదసారము. కామి శక్తి ధ్వంసశక్తి కాదు, పునర్నిర్మాణశక్తి యన్నది ఈ కథ కనుగొన్న గొప్ప సత్యము. కాని కథ యంతయు చతురమైన సంభాషణ. ఆ వృద్ధుని ఎన్నడును ఒక ముసలమ్మ మ్రొక్కినట్లు గాని, పాదరీని ఒక రోగి పిలిచినట్లు గాని అందు లేదు. ఇరువురు వేల్పుల నడుమ మనుష్యుడు లేడు. వాదములో గెలుపోటములు తప్పవు గనుక, కథయు ఎవరు ఎవరిని మ్రింగుదురన్న ప్రశ్న యొద్దనే ఆగిపోయినది.

మూడవవాడు ఎండో షూసాకు (1923-1996). బాల్యమున తల్లి ప్రేరణచే జ్ఞానస్నానము పొందిన యీతడు, ఆ మతము తన యొంటికి కుదరని పాశ్చాత్యపు దుస్తు వంటిదనియు, దానిని జపాను వానికి సరిపడునట్లు తిరిగి కుట్టుకొనుటయే తన జీవితకార్యమనియు చెప్పుకొనెను. 1947లో ప్రకటించిన తొలి విమర్శవ్యాసమునకే 'కాములును కామియు' అని యర్థమిచ్చు పేరు పెట్టెను. జపాను భాషలో నేటి క్రైస్తవులు తమ దేవునికి వాడు మాటయు కామియే గనుక, ఆ శీర్షికలోనే సమస్య యంతయు ఇమిడియున్నది. 1966లో వచ్చిన 'మౌనము' నవలలో, మతము విడిచిన ఫెరేరా పాదరీ జపానును బురదనేలతో పోల్చును. ఏ మొక్క నాటినను అందు వేరు కుళ్ళిపోవునట. జనులు కొలిచినది క్రీస్తును కాదు, తమ యూహలోని మరియొక వేల్పునట. ఈ ఉపమానము లోకప్రసిద్ధమైనది. విమర్శకులలో పలువురు దీనిని ఎండో తీర్మానముగనే గ్రహించిరి. కాని ఆ మాట పలికినవాడు హింసకు లొంగి, తన లొంగుబాటునకు న్యాయము వెదకుకొనుచున్న మనుష్యుడు. ఆతని సాక్ష్యమును సాక్ష్యముగ గ్రహింపవచ్చును గాని తీర్పుగ గ్రహింపరాదు.

తీర్పునకు సాక్షులు నాగసాకి, హిరాడో, అమకుసా ప్రాంతముల గుప్తక్రైస్తవులు. పాదరీలు లేక, పుస్తకములు లేక, వీరు రెండువందల సంవత్సరములకు పైగా ప్రార్థనలను కంఠస్థముగ నిలుపుకొనిరి. ఆ ప్రార్థనలకు వారి పేరు 'ఒరాషో'. లాటిను, పోర్చుగీసు మాటలు అర్థము మరుగుపడినను ధ్వని చెడకుండ తండ్రినుండి కొడుకునకు సంక్రమించినవి. ఇకిత్సుకి ద్వీపపు గృహములలో కామి పీఠము ఒకచోట, బౌద్ధపీఠము ఒకచోట, లోపలి గదిలో 'నాందో కామి' యను మరుగువేల్పు ఒకచోట నుండెడివి. ఆ మరుగువేల్పు జపాను వేషము ధరించిన మేరీమాత పటము కావచ్చును. పూర్వము క్రైస్తవులు వధింపబడిన నకాయెనోషిమా యను చిన్నలంక నుండి తెచ్చిన జలమే వారికి పుణ్యతీర్థము. అమకుసాలోని సకిత్సు గ్రామస్థులు ఊరి సువా మందిరమునకు పోయి, కామి యెదుట చేతులు మోడ్చి, 'ఆన్మెన్ రియుసు' అని జపించెడివారని 1805 నాటి విచారణలో బయటపడినది. సోతోమె ప్రాంతమున కరెమత్సు మందిరము కలదు. చూచుటకది షింటో మందిరము. అందు కొలువైన కామి మాత్రము సాన్ జువాన్ అను పేర పిలువబడు పాదరీ. మహిమ గల మానవుడును కామియే యన్న నోరినాగ నిర్వచనమునకు ఇంతకు మించిన ఉదాహరణము దొరకదు.

ఇదంతయు ప్రాణభీతిచే వేసిన ముసుగే యని యొక యాక్షేపము కలదు. ముసుగు కొంత నిజము. కాని ముసుగే యైనచో భయము తొలగిననాడు అది జారిపోవలెను. 1865 మార్చి 17వ తేదీన ఉరకామి గ్రామస్థులు ఓఉరా దేవాలయమున ఫ్రెంచి పాదరీ పెతిజానుకు తమ విశ్వాసమును వెల్లడించిరి. 1873లో నిషేధఫలకములు తొలగింపబడినవి. పలువురు కాథలిక సంఘమున చేరిరి, పలువురు చేరలేదు. చేరనివారు కామిని, బుద్ధుని, మరుగువేల్పును యథాప్రకారము కొలుచుచు తమ పూర్వుల త్రోవను విడువరైరి. ఏ శాసనమును నిర్బంధింపనినాడు గూడ నిలిచిన భక్తిని ముసుగనుట యన్యాయము.

అట్లైన అది కలగాపులగమా? మియజాకి కెంతారో వంటి పరిశోధకులు గుప్తక్రైస్తవము స్థానికాచారములతో కలిసి జానపదమతముగ రూపాంతరము చెందినదని భావించిరి. ఇకిత్సుకి ప్రదర్శనశాలకు చెందిన నకజోనో షిగెయో, ఆ మతములు ఒకదానిలో నొకటి కరగలేదనియు, పక్కపక్కన వేర్వేరుగా నడచినవనియు వాదించెను. పీఠములు వేరు, వేళలు వేరు, ప్రార్థనలు వేరు అన్న విషయము రెండవ వాదమునకే బలము చేకూర్చును. బౌద్ధభిక్షువు అంత్యక్రియలలో మంత్రము చదువునప్పుడు, ఆ మంత్రఫలమును రద్దుచేయు ప్రార్థనను చాటుగా జపించిన గుప్తక్రైస్తవులును కలరు. ఏది దేనితో కలియునో, ఏది కలియదో వారికి తెలియును. తెలియనివారని తలచుట పండితుల పొరపాటు. అయినను మొదటి వాదము వ్యర్థము కాదు. 'తెంచి హజిమారి నో కోతో' అను వారి సృష్టికథలో మేరీమాతను లుజాను దేశపు రాజు వరించును. ఆమె మహిమచే వేసవిలో మంచు కురియును. ఇచ్చట అకుతగావా చెప్పిన పునర్నిర్మాణశక్తి ప్రత్యక్షముగ కనబడుచున్నది. కథ మారినది, అందలి కన్యకామాత మారలేదు.

ఎండో ఈ జనులను ఎరుగనివాడు కాడు. 1969లో వెలువడిన 'తల్లివంటిది' అను కథలో కథకుడు గుప్తక్రైస్తవుల ద్వీపమునకు పోయి, బిడ్డకు పాలిచ్చు పల్లెటూరి తల్లి రూపమున నున్న మరుగువేల్పును చూచును. మతము విడిచినట్లు ఏటేట నటింపవలసివచ్చిన జనులకు దండించు తండ్రికంటె క్షమించు తల్లియే కావలసివచ్చినదని ఆ కథ భావము. హృదయమును తాకు వ్యాఖ్యయే. కాని అందు ఎండో చూచినది ముఖ్యముగ తన మనస్సులోని యపరాధభావమును. ఆ తల్లి పటమునకు ఎదురుగా కామి పీఠమునను దీపము వెలుగుచుండెనన్న సంగతి ఆతనిని కలవరపెట్టినట్లు లేదు.

ఆ లోపమును ఎండో 1993లో ప్రకటించిన 'లోతైన నది' నవలలో సవరించుకొనెను. క్రైస్తవ గురుత్వమున విఫలుడైన ఓత్సు వారణాసి చేరి, దిక్కులేని శవములను భుజములపై గంగాతీరమునకు మోయుచుండును. అన్ని మతములలోను దేవుడుండునన్నందుకు ఐరోపాలో అధికారుల నిందకు గురియైనవాడతడు. విమర్శకుల చూపు సాధారణముగ ఈతనిపైననే నిలుచును. కాని నవల ప్రారంభమున మరియొక చిన్న ఘట్టము కలదు. మరణశయ్యపై నున్న కేకో యను సామాన్యగృహిణి, ఆసుపత్రి కిటికీ యవతలి గింకో వృక్షముతో మాటలాడినట్లును, ప్రాణము నశింపదని ఆ వృక్షము తన్ను ఊరడించినట్లును భర్తతో చెప్పును. ఆమె దానిని కామి యనలేదు, రచయితయు అనలేదు. మ్రొక్కు లేదు, వాదము లేదు. అకుతగావా వృద్ధుడు సభలో పలికిన మాట యిక్కడ రోగి చెవిలో పలికినది. బురదనేల యుపమానమునకు సమాధానము ఎండో యే యిచ్చినాడు; అది ఓత్సు ఉపన్యాసములలో కంటె ఈ చెట్టు మాటలో బలముగ నున్నది.

ఈ సందర్భమున తెలుగు పాఠకునకు జాషువా స్ఫురించుట సహజము. క్రైస్తవ కుటుంబమున జన్మించి, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానమందిన యీ మహాకవి, 1941 నాటి 'గబ్బిలము'లో అస్పృశ్యుని మొరను కాశీవిశ్వేశ్వరుని సన్నిధికే పంపెను. పూజారి లేని వేళ చూచి విన్నవింపుమని పక్షిని కోరెను. ఓత్సు చేరినదియు ఆ కాశికే. ఇరువురును శాసనముల వేల్పును దాటి, దుఃఖము వినగల వేల్పును వెదకినవారు.

2000వ సంవత్సరము నుండి కరెమత్సు మందిరమున కాథలికులు, బౌద్ధులు, గుప్తక్రైస్తవుల వారసులు కలిసి ఉత్సవము జరుపు ఆచారము ఏర్పడినది. 2018లో నాగసాకి ప్రాంతపు గుప్తక్రైస్తవ స్థలములు ప్రపంచ వారసత్వపు పట్టికలో చేరినవి. అయితే ఇకిత్సుకిలో ఒరాషో కంఠస్థముగ నెరిగినవారు తగ్గిపోవుచున్నారు. యువకులు పట్టణముల కేగుటచే పూజాసంఘములు కొన్ని ముగిసిపోయినవి. పరదేశమున ఇలవేల్పును, అచ్చటి గ్రామదేవతను ఒకే యింట కొలిచిన తెలుగు కుటుంబములకు ఈ సంగతిలోని గుబులు తెలియనిది కాదు. ఫెరేరా చెప్పిన బురద క్రీస్తు వేరును కుళ్ళబెట్టలేదు. క్రీస్తు వచ్చి కామిని తరుమలేదు. నాలుగువందల యేండ్లు ఆ యిండ్లలో రెండు దీపములును వెలిగినవి. నేడు రెండింటికిని కావలసినది చమురు పోయు చేయి.