తోడు

శనివారం తెల్లవారగానే మా గ్యారేజీలో పెద్ద గుండిగ పొయ్యెక్కుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను, రవ్వగా ఆడించి, వేడినీళ్లలో పోసి, 67 డిగ్రీల దగ్గర గంటసేపు మూతపెట్టి ఉంచుతాం. గింజలోని పిండి చక్కెరగా మారుతుంటే గ్యారేజీ అంతా కమ్మటి వాసన. చిన్నప్పుడు మా ఇంట్లో రాగులు మొలకగట్టి, ఎండబెట్టి, దోరగా వేయిస్తున్నప్పుడు వచ్చిన వాసనే. ఒరెగాన్‌లో, పోర్ట్‌లాండ్ శివార్లలో ఉంటూ పదకొండేళ్లుగా ఇంట్లో బీరు పెడుతున్నాను. ఆవకాయ పెట్టడం అన్నట్టే ‘బీరు పెట్టడం’ అంటాను. ఈ పనికి అంతకంటే చక్కని మాట నాకు దొరకలేదు.

మా గ్యారేజీకి వచ్చేవాళ్లలో అందరికంటే పెద్దాయనకు 77 ఏళ్లు. అందరికంటే చిన్నమ్మాయికి 24. ఈ పని లేకపోతే వాళ్లిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చునేవాళ్లు కారు. 19 లీటర్ల రసంతో నిండిన పాత్రను ఎత్తడానికి పెద్దాయన నడుం ఇప్పుడు ఒప్పుకోదు. ఆయన కుర్చీలో కూర్చుని బీరులో వేసే హాప్స్ పూలు తూచి ఇస్తే, ఆ అమ్మాయీ నేనూ చెరోవైపు పట్టుకుని పాత్ర దించుతాం. హాప్స్‌లో ఆయనకు ఇష్టం కాస్కేడ్ రకం. 1972లో ఈ ఒరెగాన్‌లోనే తయారై బయటికొచ్చింది. అరచేతిలో నలిపితే పంపరపనస తొక్క గిల్లినట్టుంటుంది. మరుగు మొదట్లో వేస్తే చేదునిస్తుంది, దించబోయే ముందు వేస్తే వాసననిస్తుంది.

పెద్దాయన తొలిసారి బీరు పెట్టింది 1974లో. అప్పటికి అమెరికాలో అది చట్టం ఒప్పుకోని పని. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం. అది ఎత్తేశాక ఇంట్లో ద్రాక్షసారాయి చేసుకోవడానికి అనుమతి వచ్చింది కానీ, బీరుకు రాలేదు. నిషేధం రోజుల్లో ఆయన తాతగారు కిరాణా కొట్లో రొట్టెల కోసమని అమ్మే మాల్ట్ పాకం డబ్బా కొనుక్కొచ్చి నేలమాళిగలో పులియబెట్టేవారట. గ్యాసు ఎక్కువై సీసాలు పేలిన చప్పుడు ఇంట్లో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. మనవడు మొదలుపెట్టినప్పుడూ దొరికింది ఆ డబ్బా పాకమే, రొట్టెలకు వాడే ఈస్టే. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం మరుసటి ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి 200. సంతకం పడిన 1978లోనే కొలరాడోలోని బౌల్డర్‌లో చార్లీ పపేజియన్ అనే బడిపంతులు, స్నేహితుడు చార్లీ మాట్జెన్‌తో కలిసి ఇంటి బీరు పెట్టేవాళ్ల సంఘం స్థాపించాడు. 1984లో పపేజియన్ రాసిన పుస్తకం ఈ పనికి పెద్దబాలశిక్ష అయింది. పెద్దాయన దగ్గరున్న ప్రతిలో పేజీలు మాల్ట్ జిగురుకి అంటుకుపోయాయి. అయినా పారెయ్యరు.

నేను ఈ పని మొదలెట్టానని తెలిసిన రోజు అమ్మ ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మన ఇంట్లో సారా ఏంటి నాన్నా?” అంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగినప్పుడు అమ్మ నెల్లూరు జిల్లాలోనే టీచరు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లే సారా వేలంపాటలు ఆపించడం కళ్లారా చూసింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చిందంటే అది వాళ్ల గెలుపు. కూలి డబ్బులు ఇంటికి చేరని రాత్రులు తెలిసిన మనిషికి ‘ఇంటి బీరు’ అన్నమాట ఎలా వినబడుతుందో నాకు తెలుసు. అందుకే ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఈ పని చేయకూడదు, అది చట్టం. ఇక్కడ అనుమతించింది కూడా పులియబెట్టడానికే, బట్టీ పెట్టి సారా దించడానికి కాదు. మా గ్యారేజీలో ఒంటరిగా ఎవరూ తాగరు. కారు నడిపేవాళ్లు గ్లాసు ముట్టుకోరు. మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. గింజలు తూస్తుంది, సీసాలు కడుగుతుంది, లెక్కలు రాస్తుంది. ఇరవై ఒకటి నిండేదాకా రుచి చూడదు.

నిజానికి ఈ విద్యలో నా మొదటి గురువు చుక్క బీరు ఎరగని మనిషి. కోనసీమలో మా అమ్మమ్మ వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. గంజీ కడుగూ పోసి, ఉప్పు వేసి, నాలుగు దబ్బాకులు తుంచి పడేసి, మూతికి వాసెన కట్టేది. రోజూ కొంత తీసేది, కొంత పోసేది. కుండ మాత్రం ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. ఎండాకాలం పొద్దున ఆ పుల్లటి నీళ్లు పోసుకుని తిన్న చద్దన్నం మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంచేది. కడగని చేత్తో ఆ మూలకు వెళ్తే ఊరుకునేది కాదు. వాసెన విప్పి చూడబోతే, “మాటిమాటికీ చూడకురా, దాని పని దాన్ని చేసుకోనీ” అనేది. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్ పెంచిన సంగతి అమ్మమ్మకు తెలియదు. చేతులు శుభ్రంగా ఉండాలని, కదపకుండా వదిలెయ్యాలని తెలుసు. బీరు పెట్టడంలో సగం విద్య అదే.

ఆ సగం ఎలా అందుతుందో మొన్న చలికాలంలో చూశాను. ఆ 24 ఏళ్ల అమ్మాయి బీరులో తేలుతూ చిక్కదనాన్ని ఎప్పటికప్పుడు ఫోన్‌కి పంపే పరికరం వాడుతుంది. 1.050 దగ్గర మొదలైన అంకె 1.011కి దిగి ఆగింది. సీసాలకు పట్టేద్దామంది. పెద్దాయన గ్లాసులో కొంచెం పోయించుకుని వాసన చూసి, తల అడ్డంగా ఊపారు. వెన్న వాసన వస్తోందన్నారు. పులుస్తున్నప్పుడు పుట్టే డయాసిటిల్ అది. కాస్త వెచ్చగా ఉంచి ఇంకో మూడు రోజులు ఆగితే ఈస్టే దాన్ని మళ్లీ తినేస్తుంది. తొందరపడి ఈస్ట్‌ను తీసేస్తే ఆ వాసన సీసాలో ఉండిపోతుంది. ఆగారు. నాలుగో రోజుకి వాసన పోయింది.

నేర్పడం ఒకవైపు నుంచే సాగలేదు. వారం తర్వాత బీరును మడ్డి మీది నుంచి వేరే పాత్రలోకి వంచాలని పెద్దాయన కాలపు పుస్తకాలన్నీ చెప్పాయి. నలభై ఏళ్లు ఆయన అలాగే చేశారు. అలా వంచినప్పుడల్లా గాలి తగిలి హాప్స్ పరిమళం చచ్చిపోతుందని, మామూలు బీరుకు రెండో పాత్రే అక్కర్లేదని ఆ అమ్మాయి చెప్పింది. ఆయన వాదించలేదు. ఒకే బీరును రెండు రకాలుగా పెట్టి, నెల తర్వాత రెండు గ్లాసులూ పక్కపక్కన చూసి, రెండో పాత్రను మాకు ఇచ్చేశారు. డెబ్బై దాటాక చేతి అలవాటు మార్చుకోవడం ఎంత పెద్ద పనో, ఏళ్ల తరబడి ఒకేలా చారు కాచిన ఎవరినైనా అడగండి.

మేం వాడుతున్న ఈస్ట్ పేరు క్వైక్. పశ్చిమ నార్వేలో వోస్ పరిసరాల రైతు కుటుంబాలు తరతరాలుగా కాపాడుకున్నది. చెక్కముక్కలు గుచ్చి చేసిన కడియాలకు మడ్డి పట్టించి, ఆరబెట్టి, మళ్లీ బీరు పెట్టే రోజుదాకా దాచుకునేవారు. దాదాపు 40 డిగ్రీల వేడిలోనూ హాయిగా పనిచేస్తుంది. ఒకరింట్లో పాడైతే పక్కింటికి వెళ్లి తెచ్చుకునేవారట. ఇది చదివినప్పుడు నాకు గిన్నె పట్టుకుని పక్కింటి గుమ్మంలో నిలబడ్డ నా చిన్నతనం గుర్తొచ్చింది. పెరుగు పుల్లబడిన రోజున అమ్మ పంపేది, “పిన్నిగారూ, కాస్త తోడు ఇస్తారా” అని అడగమని. ఆ చెంచాడు పెరుగుకూ మనిషి పక్కన మనిషికీ మన భాష ఒకే మాట పెట్టింది.

నాకు ఆ ఈస్ట్ సీసా ఇచ్చింది పెద్దాయనే. మూడేళ్ల కిందట, అడక్కుండానే, ఫ్రిజ్‌లోంచి తీసి చేతిలో పెట్టారు. ఈ ఏప్రిల్‌లో ఆయనే ఫోన్ చేశారు. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇంట్లో చూసేవాళ్లు లేక తన సీసా పాడైపోయిందట. ఇప్పుడు నాలుగేసి లీటర్లే పెడుతున్నానని, నా దగ్గరున్నది కొంచెం చాలునని అన్నారు. మా అమ్మాయి సీసా మరిగించి, ఆరబెట్టి, మడ్డి పోసి, మూత బిగించింది. సాయంత్రం తీసుకెళ్లి ఇస్తానంది.

అప్పుడే అమ్మ వీడియో కాల్‌లో ఉంది. ఆ సీసా ఏమిటని అడిగింది. వాళ్ల తోడు పాడైపోయిందట నానమ్మా, మన దగ్గరిది ఇస్తున్నాం అని మా అమ్మాయి చెప్పింది. అమ్మ ఒక్క క్షణం ఆ సీసా వంక చూసింది.

“సాయంత్రం దాకా ఎందుకమ్మా,” అంది. “దీపాలు పెట్టకముందే ఇచ్చిరా.”