కూలివాళ్ళ తాతముత్తాతలను వెతికే విద్య

రాజుల వంశం శాసనాల్లో దొరుకుతుంది. భూస్వాముల వంశం దస్తావేజుల్లో దొరుకుతుంది. జీవితమంతా ఇంకొకరి పొలం దున్ని, ఇంకొకరి పశువులను కాచి, వీలునామా రాసేంత ఆస్తి లేకుండా పోయినవాళ్ళ వంశం ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లండ్, వేల్స్ పల్లెల్లో బతికిన వ్యవసాయ కూలీల వారసులు దీనికి జవాబు వెతుకుతూ వెతుకుతూ ఒక విద్యనే తయారుచేసుకున్నారు. ఆ విద్యకు ముఖ్యమైన ఆధారాలు రెండు: పదేళ్ళకోసారి తీసిన జనాభా లెక్కలు, పేదలను చేర్చుకుని పని చేయించిన వర్క్‌హౌస్‌ల రిజిస్టర్లు. తలలు లెక్కపెట్టుకోవడానికి ఒకటి, పేదల మీద పెట్టిన ఖర్చుకు జమాఖర్చు చూపడానికి మరొకటి సర్కారు రాయించుకుంది. పేదల చరిత్ర నిలవాలని ఎవరూ రాయలేదు. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి ఓపికగా చదివితే, చదువురాని కూలివాడు కూడా పేరుతో, ఊరుతో, వయసుతో కనిపిస్తాడు.

ఒక్క రాత్రి లెక్క

బ్రిటన్‌లో జనాభా లెక్కలు 1801లో మొదలయ్యాయి. మొదటి నాలుగు విడతల్లోనూ ప్రభుత్వం అడిగింది ప్రధానంగా అంకెలే. ప్రతి మనిషి పేరూ దేశవ్యాప్తంగా రాసింది 1841లో. ఆ ఏడు జూన్ 6 రాత్రి ఎవరు ఏ ఇంట్లో పడుకున్నారో గణకులు నమోదు చేశారు. అయితే పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును చాలాచోట్ల అయిదు గుణిజానికి తగ్గించి రాశారు. 39 ఏళ్ళ మనిషి 35గా కనిపిస్తాడు. ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. పుట్టిన ఊరు అడగలేదు, పుట్టింది ఇదే కౌంటీలోనా, కాదా అన్నదే ప్రధానంగా అడిగారు.

వెతికేవాళ్ళకు అసలు దారి చూపేది 1851 లెక్క. ఇంటి పెద్దతో బంధుత్వం, పెళ్ళయిందా లేదా, వయసు, వృత్తి, పుట్టిన ఊరు అందులో ఉంటాయి. పుట్టిన ఊరు తెలిస్తే ఆ ఊరి చర్చి బాప్తిస్మ రిజిస్టరుకు దారి తెలిసినట్టే. అక్కడినుంచి ఇంకో రెండు తరాలు వెనక్కి పోవచ్చు.

అనుభవజ్ఞులు ఒక్క లెక్కను ఎప్పుడూ నమ్మరు. ఒకే మనిషిని 1851, 1861, 1871, 1881లలో వరసగా పట్టుకుంటారు. వయసు పదేళ్ళకు ఎనిమిదేళ్ళే పెరగొచ్చు. పుట్టిన ఊరు ఒకసారి పల్లె పేరుతో, ఇంకోసారి పక్కనున్న పట్నం పేరుతో ఉండొచ్చు. నాలుగింటిలో ఏది ఎక్కువసార్లు వచ్చిందో, చిన్నప్పుడు కన్నతల్లి చెప్పగా రాసింది ఏదో చూసి తేల్చుకుంటారు. ఇంటిపేరు అక్షరాలకన్నా ఉచ్చారణ మీదే ఎక్కువ ఆధారపడతారు. చదువురాని మనిషి నోటితో చెప్పాడు, గణకుడు తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు.

పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల ఇంటి లెక్కలో లేకపోతే చనిపోయిందని అనుకోకూడదు. అదే ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఏ రైతు ఇంటి పనిమనిషిగానో ఉండే అవకాశం ఎక్కువ. నలభై ఏడేళ్ళ తల్లికి చివరి కొడుకుగా రాసిన పసివాడు ఒక్కోసారి పెళ్ళికాని పెద్దకూతురి బిడ్డ అవుతాడు. జనన ధ్రువపత్రం తెప్పిస్తే గుట్టు తేలుతుంది. 1911 లెక్కలో పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ఎంతమంది బిడ్డలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు, ఎంతమంది పోయారు అని కూడా అడిగారు. ఏ రెండు లెక్కల మధ్యనో పుట్టి చనిపోయిన పసిపిల్లలు ఆ అంకెలోనే మిగిలారు.

వర్క్‌హౌస్ గడప

జనాభా లెక్క పదేళ్ళలో ఒక్క రాత్రినే చూపిస్తుంది. మిగతా రోజుల్లో కూలి దొరక్కపోతే, మొగుడు పోతే, కాలు విరిగితే ఏమైంది? అది చెప్పేవి పేదల సహాయ చట్టాల కాగితాలు.

1834 చట్టం ఊళ్ళను యూనియన్లుగా కలిపి, ఒక్కో యూనియన్‌ను గార్డియన్ల బోర్డు కింద పెట్టింది. యూనియన్‌కొక వర్క్‌హౌస్ ఉండాలంది. లోపలికి వచ్చినవాళ్ళకు తిండి, పడక ఇచ్చి పని చేయించేవారు. బయటి కడు పేద కూలి బతుకుకన్నా లోపలి బతుకు ఆకర్షణగా ఉండకూడదన్నది దాని సూత్రం. భార్యాభర్తలను, తల్లీబిడ్డలను తరగతులుగా విడదీసి వేరువేరు వార్డుల్లో ఉంచేవారు. హాంప్‌షైర్‌లోని ఆండోవర్‌లో, ఎరువు కోసం ఎముకలు దంచే పనిలో పెట్టిన మనుషులు ఆకలికి తాళలేక ఆ ఎముకల్లోని మూలుగు తిన్న సంగతి 1845లో బయటపడి దేశాన్ని కుదిపేసింది.

అలాంటి గడప దాటిన ప్రతి మనిషికీ రిజిస్టర్లో ఒక వరస రాసేవారు. చేరిన తేదీ, పేరు, వయసు, వృత్తి, మతం, ఏ ఊరినుంచి వచ్చారు, ఎందుకు సాయం కావాల్సివచ్చింది, ఎప్పుడు ఎలా బయటికి పోయారు అన్నవి అందులో ఉంటాయి. ఒకే కుటుంబం చలికాలంలో చేరి కోతలనాటికి వెళ్ళిపోయినట్టు కనిపిస్తే, పొలంపనులు లేని నెలలే వాళ్ళను అక్కడికి తోశాయని అర్థమవుతుంది. 1869 తర్వాత మతం వివరాల రిజిస్టర్లు వచ్చాయి. దగ్గరి బంధువు పేరు కొన్నిసార్లు అందులోనే దొరుకుతుంది.

ఇక్కడా కొన్ని మెలకువలు కావాలి. జనాభా లెక్కలో కొన్ని వర్క్‌హౌస్‌లు లోపలివాళ్ళ పేర్లు రాయకుండా పొడి అక్షరాలే ఇచ్చాయి. అప్పుడు వయసు, పుట్టిన ఊరు పట్టుకుని రిజిస్టర్‌తో పోల్చాలి. వర్క్‌హౌస్‌లో పుట్టిన బిడ్డకు జీవితాంతం మచ్చ రాకూడదని, 1904 నుంచి జనన పత్రాల్లో ఆ మాట రాయకుండా వీధి పేరు, ఇంటి నంబరు ఇమ్మన్నారు. కాబట్టి పత్రంలోని చిరునామాను ఆనాటి పటంలో సరిచూడాలి. చాలామంది పేదలు వర్క్‌హౌస్‌లో కాలుపెట్టనేలేదు. ఇంటి దగ్గరే కొద్దిపాటి డబ్బో, రొట్టో అందుకున్నారు. వాళ్ళ కోసం సహాయ అధికారి దరఖాస్తు పుస్తకాలు, గార్డియన్ల మినిట్స్ తిరగేయాలి. ఇవి కౌంటీ రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. యూనియన్లు లండన్ అధికారులతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో 16 వేలకు పైగా సంపుటాలుగా ఉన్నాయి.

1834కన్నా వెనక్కి పోతే ఇంకా విలువైన కాగితం ఒకటుంది. 1662 చట్టం ప్రకారం సాయం అడిగిన పేదవాడు ఏ ఊరికి చెందినవాడో తేల్చేవారు. అందుకోసం అతనిచేత మేజిస్ట్రేట్ల ముందు ప్రమాణం చేయించి విచారించేవారు. ఎక్కడ పుట్టాడు, ఏ రైతు దగ్గర ఏ జీతానికి ఏడాదిపాటు కుదిరాడు, ఎవరిని ఎక్కడ పెళ్ళాడాడు, అన్నీ చెప్పాలి. గుమస్తా రాసినదాని కింద అతను ఇంటూ గుర్తు పెట్టేవాడు. పల్లె కూలివాడి ఆత్మకథ అంటూ మిగిలింది చాలావరకు ఈ ఒక్క పేజీనే.

రెండు సాక్ష్యాలు తగువుపడితే

1841లో వేల్స్‌లోని డెన్‌బీలో పెళ్ళికాని తల్లికి జాన్ రోలాండ్స్ అనే పిల్లవాడు పుట్టాడు. సాకిన తాత చనిపోయాక, 1847లో ఆరేళ్ళ వయసులో అతన్ని సెయింట్ అసఫ్ వర్క్‌హౌస్‌లో వదిలేశారు. ఆ పిల్లవాడే తర్వాత హెన్రీ మోర్టన్ స్టాన్లీ అన్న పేరుతో ఆఫ్రికాలో లివింగ్‌స్టన్‌ను కలుసుకున్న అన్వేషకుడయ్యాడు. క్రూరుడైన బడిపంతుల్ని ఎదిరించి కొట్టి, గోడ దూకి పారిపోయానని స్టాన్లీ ఆత్మకథలో రాసుకున్నాడు. వర్క్‌హౌస్ రిజిస్టర్ మాత్రం 1856 మేలో అతను హోలీవెల్‌లోని బంధువు దగ్గరికి వెళ్ళాడని అంటుంది. గోడ దూకిన ఊసే అందులో లేదు.

ఏది నిజం? రిజిస్టర్ రాసినవాడికి ఆ రోజు కథ అల్లాల్సిన అవసరం తక్కువ. అలాగని పిల్లవాడు పడ్డ బాధ అబద్ధమని రిజిస్టర్ అనలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న ప్రశ్నలకు కాగితాన్ని నమ్మాలి. ఎలా అనిపించింది అన్న ప్రశ్నకు మనిషిని వినాలి. రెండూ కలవనిచోట ఆ తేడాను దాచకుండా రాసిపెట్టుకోవాలి. ఈ విద్యలో నిజాయితీ అంటే అదే.

మనవాళ్ళ కాగితాలు

ఈ పద్ధతి తెలుగువాళ్ళకూ అచ్చంగా పనికొస్తుంది. ఒప్పంద కూలీలతో మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ళపాటు, డర్బన్ రేవు ఉన్న దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళిన ఓడల్లో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల మనుషులున్నారు. ఓడల జాబితాల్లో ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాశారు. మారిషస్ వెళ్ళినవాళ్ళ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. తెలుగు పేరును ఇంగ్లీషు గుమస్తా విన్నట్టు రాసిన చోట, అక్షరాన్ని వదిలి ఉచ్చారణను పట్టుకోవాలి. ఊరి పేరును ఆనాటి తాలూకా పటంతో సరిచూడాలి. ఆంగ్ల కూలీల వారసులు చేసేదీ ఇదే.

మన ఊళ్ళలో ఉండిపోయిన పేదలకు ఈపాటి ఆధారం కూడా లేదు. 1948 జనాభా లెక్కల చట్టం ఇంటింటి పత్రాలను ఎవరికీ చూపనివ్వదు. సెంటు భూమి లేనివాడి పేరు భూమి రికార్డుల్లో వెతికినా దొరకదు. మిగిలింది బడి అడ్మిషన్ రిజిస్టరు, ఇంట్లోని పెద్దవాళ్ళ జ్ఞాపకం. రిజిస్టర్లు చెదలకు పోకుండా కాపాడమని ఊరి బడిని అడగండి. మీ అమ్మమ్మను, తాతయ్యను కూర్చోబెట్టి వాళ్ళ తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊళ్ళు, ఎవరి దగ్గర పాలేరుగా ఉన్నారు, ఏ కరువుకు ఏ ఊరు వలసపోయారు అన్నవి అడిగి, తేదీ వేసి రాసిపెట్టండి. ఎవరు చెప్పారో కూడా రాయండి. మీ మనవలకు అదే మొదటి రికార్డు అవుతుంది.